మోగే కట్టెలు

ఎక్కడ కట్టెల పేర్పు కనిపించినా హన్నెకె ఆగుతుంది. రెండు పేళ్ళు తీసుకుంటుంది, చేతికొకటి. ఎడమ చెవి దగ్గరికి తెచ్చి ఒకదానితో ఒకటి కొడుతుంది. వింటుంది. మోగితే తలాడిస్తుంది. మోగకపోతే తీసిన చోటే పెట్టి, చేతులు గౌనుకు తుడుచుకుంటుంది.

అది ఎవరి పెరడు అన్నది ఆమెకు పట్టదు. పెళ్ళివారి ఇళ్ళలో చేసింది. ఒకసారి రైలు స్టేషన్లో, స్టేషన్ మాస్టరు పొయ్యి పక్కన ఉన్న పెట్టెలోంచి తీసి చేసింది. ఏం కావాలమ్మా అని ఆయన అడిగాడు. ఇవి మార్చి దాకా ఆరవు అని చెప్పి, టికెట్ కొనుక్కుంది.

ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్నాను.

వాళ్ళది హాలండు. భర్త వౌటర్ మా సంఘానికి పాస్టరు. మా ఊరు ఫజెత్సెల్, కొండ కింద నూట పది గడపలు. ఇప్పుడున్న ప్రార్థన మందిరం వాళ్ళు వచ్చిన ఆరో ఏట కట్టాం. ఇసుక జల్లించింది హన్నెకె. పిల్లలకు పాటలు నేర్పింది. యూఫ్రొసీనాకు చూపు పోయాక నాలుగేళ్ళు రోజూ వెళ్ళి కీర్తనలు చదివి వినిపించింది. చనిపోయిన ఆడవాళ్ళకు స్నానం చేయించడానికి ఊళ్ళో ఇప్పుడు ఆమెనే పిలుస్తారు, ఏ చర్చి వాళ్ళయినా. వంట మాత్రం రాలేదు. ఉప్పు తగ్గిన చిక్కుడు గింజల చారుకు మా ఊళ్ళో పాస్టరమ్మ చారు అని పేరు. ఆమెకూ తెలుసు. అడిగి మరీ రెండో గరిటె వడ్డిస్తుంది.

ఇవేవీ జరిగేవి కావు. మొదటి చలికాలంలోనే ఆమె వెళ్ళిపోవలసింది.

వాళ్ళు అక్టోబరు చివర్లో వచ్చారు. పది నెలల పాప, ఫెమ్కె. చనిపోయిన బడిపంతులు ఇల్లు అద్దెకు తీసుకున్నారు. రెండు గదులు. ముందు గదిలో ఆదివారం ప్రార్థన కూడిక, వెనక గదిలో కాపురం. మధ్య గోడలో మట్టి పలకల పొయ్యి ఒకటే. దాని వెచ్చదనమే అటూ ఇటూ.

అప్పటికి మేము ఏడుగురం. అంతకు ముందు యెరెమియా వంటింట్లో కూడుకునేవాళ్ళం. ఊళ్ళో మమ్మల్ని మారుమనసోళ్ళు అనేవారు. అది మా బైబిల్లోని మాటే. వాళ్ళ నోట్లో తిట్టు. పాస్టరును పంపమని తొమ్మిదేళ్ళు ఉత్తరాలు రాస్తే ఈ కుటుంబం వచ్చింది.

నవంబరులో వౌటర్ కట్టెలు కొన్నాడు. మా దగ్గర కట్టెలు మార్చిలో కొంటారు, ఎండల్లో ఆరబెడతారు. హాలండులో గోడకు ఒక మీట ఉంటుందట. తిప్పితే ఇల్లు వెచ్చబడుతుందట. అలా పెరిగిన మనిషికి మార్చి సంగతి ఎలా తెలుస్తుంది?

లారీ మా వీధిలోంచే వెళ్ళింది. ఫాగ్ అనే అడవి చెట్టు మొద్దులు, ఆ వారమే కొట్టినవి. బెరడు మీద నాచు పచ్చగా ఉంది. కోసిన చోట తడి మెరుస్తోంది. ఊరంతా గేట్ల దగ్గర నిలబడి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఊళ్ళోవాళ్ళు నవ్వుకోవడానికి ఊరుకున్నారు. మేము, చదువుకున్న పాస్టరుకు మనం చెప్పేదేమిటని ఊరుకున్నాం.

వౌటర్ వాటిని చీల్చి, గోడ కట్టినట్టు సందు లేకుండా పేర్చాడు. పైన నీలం ప్లాస్టిక్ పట్టా నేల దాకా కప్పి తాడుతో బిగించాడు.

"కట్టెలకి జలుబు చేస్తుందని దుప్పటి కప్పాడు," అన్నాడు పక్కింటి గ్లిగోర్ తాత.

గ్లిగోర్ తాతకు అప్పుడు డెబ్బై ఒకటి. మేము తప్ప అందరూ వెళ్ళే ఊరి చర్చిలో పాట ఎత్తేది ఆయనే. వయసులో ఉండగా పొయ్యిలు కట్టేవాడు. ఊళ్ళో సగం పొయ్యిలు ఆయన చేతివే, పంతులు ఇంటిది కూడా. యూఫ్రొసీనా ఆయన సొంత చెల్లెలు. ఆమె మా కూడికకు రావడం మొదలుపెట్టిన నాటి నుంచి, పదకొండేళ్ళుగా, ఆయన చెల్లెలితో మాట్లాడలేదు.

డిసెంబరులో పొయ్యి బుసకొట్టడం మొదలుపెట్టింది. పేళ్ళ చివర నురగ వచ్చేది. పొగ పైకి పోయేది కాదు. ఆదివారం కూడికలో అందరి కళ్ళల్లోనూ నీళ్ళు.

"చూడండి, పరిశుద్ధాత్ముడు ఎంత కదిలించాడో! ఒక్కళ్ళ కళ్ళూ పొడిగా లేవు," అంది యూఫ్రొసీనా.

"ఆత్మ కాదు, తడి కట్టె," అన్నాడు యెరెమియా నా చెవిలో.

"ఆ మాట పాస్టరుగారికి చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పు డొకియా. నీకు నోరుందిగా."

నేనూ చెప్పలేదు.

పాపకు దగ్గు పట్టుకుంది. బుధవారం పట్నం తీసుకెళ్ళారు. ఈ పిల్ల పొగలో ఉండకూడదు, పొగ లేని వెచ్చని గది చూడండి అన్నాడు డాక్టరు. తిరుగు బస్సులో నేను వాళ్ళ వెనక సీట్లో ఉన్నాను. వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. హన్నెకె ఏమందో చాలా ఏళ్ళకు తనే చెప్పింది.

"నీకీ ఒక్క చలికాలం ఇస్తానన్నాను. ఆదివారానికి ఆ గది వెచ్చబడకపోతే పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను. మళ్ళీ రాను."

"మరి సంఘం?"

"సంఘానికి దగ్గు లేదు."

భాష రాకపోయినా నాకు ఆ రోజే అర్థమైంది. బొటనవేలితో పాప నుదుటి మీది మసి తుడుస్తూ ఆమె కిటికీలోంచి రోడ్డు చూసిన తీరు అలాంటిది. ఆమె వెళితే ఆయనా వెళతాడు. తొమ్మిదేళ్ళ ఉత్తరాలు అక్కడితో సరి.

గురువారం ప్రార్థన కూడిక. వెచ్చదనం కోసం ప్రార్థన చేశాం. చాలాసేపు చేశాం. తర్వాత లేచి ఎవరింటికి వాళ్ళం పోయాం. మా అందరి పెరళ్ళలోనూ ఎండిన కట్టెలు ఉన్నాయి. ఏప్రిల్ దాకా సరిగ్గా సరిపోయేవి.

శుక్రవారం పొద్దున నేను గ్లిగోర్ తాత ఇంటి వసారాలో ఉన్నాను. ఆయన భార్య సవేతకు పండగ గౌను అంచు కుడుతున్నాను. హన్నెకె గేటు తీసుకుని వచ్చింది, చంకలో ఒక కట్టె పేడుతో.

"తాతా, ఒక మాట అడగాలి."

"బైబిలు సంగతైతే నాకు తెలిసింది చాలు."

"బైబిలు కాదు. కట్టె. ఇది ఎందుకు మండదు?"

ఆయన చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. మీసం కదిలింది.

"ఎందుకు మండుద్ది అమ్మాయ్? ఇది ఇంకా చెట్టే. తనని కొట్టేశారన్న సంగతి దీనికింకా తెలీదు."

తన పేర్పులోంచి రెండు పేళ్ళు తెచ్చాడు. ఆమె చెవి దగ్గర కొట్టాడు. సన్నగా, చలిలో దూరం పోయేట్టు మోగాయి. తర్వాత ఆమె తెచ్చినదాన్ని కొట్టాడు. తడిమట్టిలో కాలు వేసినట్టు చప్పుడైంది.

"విన్నావా?"

"విన్నాను."

"ఇది మాట్లాడుద్ది. అది నోటినిండా నీళ్ళు పెట్టుకుని కూర్చుంది."

"ఎన్నాళ్ళకి ఆరుతుంది?"

"ఒక ఎండాకాలం నిండా పట్టుద్ది. ఆ నీలం దుప్పటి కిందైతే ప్రభువు రెండో రాకడ దాకా." ఆయన నవ్వి, మళ్ళీ అన్నాడు: "మీవాళ్ళు ఏడుగురున్నారుగా. ఆదివారం పూట నోరు బార్లా తెరిచి పాడతారు. ఒక్కళ్ళ నోటికీ ఈ ముక్క రాలేదా?"

నేను గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని తల వంచుకున్నాను.

"లారీ వచ్చినప్పుడు మీరు గేటు దగ్గరే ఉన్నారు తాతా," అంది హన్నెకె. "మీరూ చెప్పలేదు."

సవేత పగలబడి నవ్వింది. "దొరికాడమ్మా ముసలోడు! యాభై ఏళ్ళుగా నా వల్ల కాలేదు."

"కొన్ని కట్టెలు అమ్ముతారా?"

"అమ్మను," అన్నాడు గ్లిగోర్ తాత. "ఏప్రిల్ దాకా కావాలి నాకు."

ఆమె సరే అని తలాడించింది. చెప్పినందుకు వందనాలు తాతా అంది. వెళ్ళేటప్పుడు ఆయన పేర్పు దగ్గర ఆగి, తన చేతులతో రెండు తీసి, చెవి దగ్గర కొట్టి చూసింది. అదే మొదటిసారి.

ఆ రోజే నీలం పట్టా లాగిపారేసింది. వౌటర్‌ను పాప దగ్గర కూర్చోమని లోపలికి పంపింది. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పేడూ తీసి కొట్టింది. శుక్రవారమంతా. శనివారమంతా. రెండు చేతుల తొడుగులూ అరిగిపోయాయి. కంచెల మీదుగా జనం చూశారు.

"పాస్టరమ్మ తలుపు తడతానే ఉంది, లోపల్నించి ఎవరూ పలకట్లేదు," అన్నారెవరో.

శనివారం పొద్దు వాలేసరికి పదకొండు పలికాయి. నిలువునా ఎండిన చెట్టు ఒకటి ఎలాగో ఆ లారీలో కలిసినట్టుంది.

ఆదివారం పొద్దున ఆ పదకొండూ వరసగా పొయ్యిలో పెట్టింది. పొగ రాలేదు. పలకలు వేడెక్కాయి. ఆ గదిలో మొదటిసారి మేము తల రుమాళ్ళు వదులు చేసుకున్నాం. గోడకు అవతల పాప దగ్గకుండా నిద్రపోతోంది. పాటలు పాడాం. వౌటర్ వాక్య ప్రసంగం మొదలుపెట్టాడు. వాక్యం సగంలో ఉండగా పొయ్యిలో చివరి పేడు విరిగి బూడిదలో పడింది. అందరం విన్నాం. మధ్యాహ్నానికి గది మళ్ళీ చల్లబడుతుంది. వౌటర్ ఒక క్షణం ఆగి, ఆపిన చోటు మర్చిపోయి, పేజీలు తిప్పాడు.

అప్పుడు గేటు చప్పుడైంది.

ఊరి చర్చి అప్పుడే వదిలారు. గ్లిగోర్ తాత వచ్చాడు. ఆదివారం కోటు, నల్ల గొర్రెతోలు టోపీ. వెనక మంచు మీద గడ్డి తోలే జారుడు బండి, దాని నిండా కట్టెలు. తలుపు దగ్గరికి రాలేదు. కిటికీ మీద వేళ్ళతో కొట్టాడు. కిటికీ పక్కన కూర్చున్నది యూఫ్రొసీనా.

"ఏమే, చెవుడొచ్చిందా? తలుపు తియ్యి."

పదకొండేళ్ళ తర్వాత చెల్లెలితో ఆయన అన్న మాట అది. ఆమె తలుపు తీయడానికి లేచి, తీసి, మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గదిలో పొగ మాత్రం లేదు.

ఆయన చేతులనిండా పేళ్ళతో లోపలికి వచ్చి, టోపీ తీయడానికి చెయ్యి ఖాళీ లేక ఇబ్బంది పడ్డాడు. యెరెమియా లేచి టోపీ తీసి పట్టుకున్నాడు.

"నీ ప్రసంగం నువ్వు కానీయవయ్యా," అన్నాడు వౌటర్‌తో. "నేను వినడానికి రాలేదు. ఇవి పాపకి. మీకు కాదు. పొయ్యి నేనే కట్టాను, దాని సంగతి నాకు తెలుసు. అటు కాలిస్తే ఇటూ కాలుద్ది. దానికి నేనేం చేసేది లేదు."

వెనక గదిలోంచి హన్నెకె పాపను ఎత్తుకుని వచ్చింది. పాపను యూఫ్రొసీనా చేతుల్లో పెట్టింది. తాత దించిన కట్టెల్లోంచి రెండు తీసింది. చెవి దగ్గర కొట్టింది.

"అమ్మమ్మమ్మ! నా కట్టెలకే పరీక్షా!" అన్నాడు తాత.

రెండూ మోగాయి. గది అంతా నవ్వింది.

యెరెమియా ఆమెన్ చెప్పకుండానే టోపీ తాత చేతికిచ్చి బయటికి నడిచాడు. ఆ వెనకే మిగతావాళ్ళం. అంత సిగ్గుతో అంత సంతోషంగా నడవడం నాకు అదే మొదలు. గంటలో అందరం తిరిగి వచ్చాం, ఎవరి ఒడి నిండా వాళ్ళ కట్టెలతో. హన్నెకె గడప మీద కూర్చుని ఒక్కొక్కటీ కొట్టి చూసి తీసుకుంది. యెరెమియావి మోగాయి. తర్వాత నావి.

నేను తెచ్చినవి ప్లమ్ పండ్ల చెట్టు కట్టెలు. పేర్పు అడుగు నుంచి, నాకు అక్కర్లేనివి చూసి ఏరుకొచ్చాను. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. ఆమె రెండు తీసి కొట్టింది. తడిమట్టి చప్పుడు. ఇంకో రెండు. అదే చప్పుడు. అందరూ విన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె వాటిని వెనక్కి ఇవ్వలేదు. గడపకు రెండో వైపు, గోడ వారగా, ఒకదాని మీద ఒకటి జాగ్రత్తగా పెట్టింది.

"ఇవి వచ్చే చలికాలానికి, డొకియా," అంది.

వౌటర్ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. ఆ మాట విన్నాడు. చేతిలో బైబిలు మూశాడు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూసి, గడప మీద ఆమె పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు. వాక్యం ఆ రోజు పూర్తి కాలేదు.

మా ఏడుగురిలో ఎండిన కట్టెలు ఇచ్చినవాళ్ళు ఆరుగురు. ఆ మాట దక్కింది నా తడి కట్టెలకు. ప్రతి ఆదివారం దేవుడికి వందనాలు చెప్పేటప్పుడు నేను మొదట దీనికే చెబుతాను.

సోమవారం పొద్దున మంచు ఆగింది. నేను నీళ్ళకు వెళుతూ చూశాను. హన్నెకె వౌటర్ కట్టిన పేర్పును మొత్తం విప్పేసి, ఎండ తగిలే వైపు, గ్లిగోర్ తాత కంచె వెంట మళ్ళీ పేరుస్తోంది. పేడుకూ పేడుకూ మధ్య గాలి ఆడేట్టు, వేళ్ళతో సందు కొలుచుకుంటూ. తాత కంచె మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

"బెరడు పైకి. వాన జారిపోద్ది," అన్నాడు.

ఆమె చేతిలోనిదాన్ని తిప్పి పెట్టింది.