రోజూ వేసుకోవలసిన మాత్ర

మా వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని అందరూ మార్పుల బాబాయ్ అనేవాళ్ళు. ఈరోజు టీ తాగిన కొట్టులో రేపు తాగడు. వరసగా రెండ్రోజులు ఒకే కుర్చీలో కూర్చోడు. ఇన్ని ఊళ్ళు తిరిగాను, అడ్డమైన పుస్తకాలూ చదివాను. అలవాట్లకి బానిసలైన వాళ్ళు కోకొల్లలు. అలవాటు లేకపోవడానికే బానిసైనవాణ్ణి మాత్రం ఈయన్నే చూశాను.

కారణం వాళ్ళ నాన్న. ఆయనదీ ఇదే మిషన్ల కొట్టు, నట్లు విప్పే ఇవే పానాలు, బల్ల కింద సారా సీసా. ఏడేళ్ళప్పుడే బాబాయ్ గేటు గడియ చప్పుడుని బట్టి ఆయన ఎంత తాగొచ్చాడో చెప్పేవాడు. అక్కని లాక్కుని మంచం కిందకి దూరేవాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. షట్టరు ఎవరైనా గట్టిగా లాగితే చాలు, చేతిలో నూనెడబ్బా జారిపోతుంది. మనిషి మర్చిపోయినా ఒళ్ళు మర్చిపోదు కాబోలు.

ఈమధ్య రెండు కళ్ళకీ శుక్లాలొచ్చాయి. సూది బెజ్జం కనిపించకపోతే ఆయన బతుకుతెరువు లేదు. ఆపరేషన్‌కి మూడుసార్లు వెళ్ళాడు, మూడుసార్లూ బీపీ ఎక్కువుందని వెనక్కి పంపారు. మాత్రలు వాడుతున్నావా అంటే బుద్ధిగా తలూపేవాడు.

ఓ పొద్దున అక్క కొట్టు సర్దుతూ బాబిన్ల డబ్బా తీసింది. మూడు నెలల మాత్రలు, ఒక్కటీ తగ్గలేదు.

"ఒరేయ్, ఇవేమన్నా మిషన్‌కి వేసే మందా?"

"రోజూ వేసుకుంటే అలవాటైపోతుంది కదే అక్కా."

"నీ మొహం! పద."

కంటాసుపత్రి డాక్టరమ్మ ముందు కూడా అదే పాట.

"నాన్న కూడా మొదట్లో చెయ్యి వణుకు తగ్గడానికే తాగడం మొదలెట్టాడమ్మా. తర్వాత ఆపలేకపోయాడు. తాగొచ్చి మమ్మల్ని కొట్టేవాడు." నాన్న గురించి బయటివాళ్ళతో అనడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "చిన్నప్పటి భయం ఒంట్లోనే కాపురం పెట్టేస్తుంది బాబాయ్‌గారూ. మీ బీపీకి అదొక్కటే కారణమనను గానీ, దాని వాటా దానికుంటుంది. మాత్ర వేసుకుని పిల్లల్ని కొట్టినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూళ్ళేదు."

బాబాయ్ నవ్వాడు. అక్క అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అయితే అలవాటవ్వదంటారా?"

"అవ్వాలనే కదా ఇస్తున్నాను!"

మర్నాటినుంచి అక్క వంటింట్లో మాత్రతో ఎదురుగా నిలబడేది, మింగాక నోరు తెరిపించి మరీ చూసేది. "నేనేమన్నా దొంగనా?" అనేవాడు. "కాదు, అంతకన్నా ఘటికుడివి" అనేది.

నాలుగో వారం డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. అంకె రెండుసార్లు చూసుకుని క్యాలెండర్ ముందుకి లాగింది.

"ఆపరేషన్ బుధవారమా, గురువారమా?"

అక్క నోరు తెరిచేలోగా, "ముందు ఏది వస్తే అదే అమ్మా" అన్నాడు బాబాయ్.