రాధక్క విప్పిన ఆంప్లిఫయర్

చాలా కాలం మూలన పడి ఉన్న వాల్వు ఆంప్లిఫయర్‌ను ఆన్ చేస్తే, గాజు బుడ్ల మీద పేరుకున్న దుమ్ము మెల్లగా కాలి ఒక వాసన వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం మూసిన అటక తలుపు తెరిచినట్టు ఉంటుంది. పోయిన నెల కరీంనగర్‌లో వాయిద్యాలు అమ్మే ఒక దుకాణానికి గిటారు తీగల కోసం వెళ్తే, అక్కడి కుర్రాడు ఎవరో అమ్మేసి పోయిన పాత ఆంప్లిఫయర్‌ను పరీక్షిస్తున్నాడు. బుడ్లు ఎర్రబడ్డాయి, ఆ వాసన వచ్చింది. "గిసొంటియి ఇప్పుడు ఎవ్వలు బాగు చేస్తలేరు సార్" అన్నాడతను. నేను తీగలు చేతిలో పట్టుకొని, డబ్బులివ్వడం మరిచి, అక్కడే కాసేపు నిలబడిపోయాను. బాగు చేసే మనిషి ఒకామె ఉండేది. ఆమె పేరు రాధాబాయి. మేమంతా రాధక్క అనేవాళ్లం.

ఎనభైల నాటి మాట. నాకు ఇరవై నాలుగేళ్లు. శంకరన్న నడిపే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ని. పెళ్లిళ్లు, కాలేజీ వార్షికోత్సవాలు, నవరాత్రులు. కరీంనగర్ నుంచి మంచిర్యాల దాకా ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యాను వేసుకొని వెళ్లేవాళ్లం. మా మైకులు, స్పీకర్లు, ఆంప్లిఫయర్లు చెడిపోతే కరీంనగర్‌లోని రాధక్క దుకాణానికే చేరేవి. ఆమెది ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గరి పల్లె. భర్త విఠల్ రేడియో మెకానిక్. పెళ్లయ్యాక అతని పక్కన కూర్చుని ఆమె పని నేర్చుకుంది. అతను మస్కట్ వెళ్లాక దుకాణం మూసేయమని అందరూ చెప్పినా మూయలేదు. చీర కొంగు నడుముకు దోపి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని బల్ల ముందు కూర్చునేది. కొత్తగా వచ్చినవాళ్లు గడపలో నిలబడి, "మెకానిక్ లేడా?" అని అడిగేవాళ్లు. "ఉంది, చెప్పుండ్రి" అనేది తలెత్తకుండా. కొందరు చెప్పేవాళ్లు, కొందరు రేడియో చంకలో పెట్టుకుని వెనక్కి పోయేవాళ్లు. పోయినవాళ్ల గురించి ఆమె ఒక్క మాట అనగా నేను వినలేదు.

ఆ ఏడాది దుబాయిలో ఉన్న మా అన్న రెండు వస్తువులు పంపాడు. ఒకటి, గిటార్లు గర్జించే పాటల క్యాసెట్. రెండోది ఎకో డబ్బా. దాని లోపల టేపు ముక్క గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మనం వాయించింది టేపు మీద ఎక్కి, క్షణం తర్వాత మళ్లీ వినిపిస్తుంది, ఇంకాస్త నెమ్మదిగా మరోసారి, అలా గుట్టల నడుమ కేక వేసినట్టు. అన్న అక్కడ ఎండలో కట్టడాల మీద పనిచేసేవాడు. ఆ డబ్బా కొనడానికి ఏమేం మానుకున్నాడో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

క్యాసెట్లోని గర్జన నాకూ కావాలన్నాను. రాధక్క ఆ పాట రెండుసార్లు విని, నా ఆంప్లిఫయర్‌లో ఒక వాల్వు అదనంగా పెట్టి, శబ్దం లోపలే పెరిగి పెరిగి చిరిగేలా చేసింది. తీగ ముట్టుకుంటే పులి పిలిచినట్టు పలికేది. దానికి ఎకో డబ్బా కూడా తోడైతే ఇక నన్ను పట్టేవాడు లేడనుకున్నాను. గిటారు వైరును డబ్బాలోకి, డబ్బా నుంచి ఆంప్లిఫయర్‌లోకి పెట్టుకుని చొప్పదండిలో ఒక పెళ్లికి వెళ్లాను.

ఆ రోజు పాట మొదట్లో గిటారు ఒక్కటే వాయించాలి. ఆ తర్వాత మా గాయని సరళ ఎత్తుకోవాలి. నేను గర్జన పెంచే గెయిన్ బటన్ తిప్పి వాయించాను. ఒక స్వరం మీద ఇంకో స్వరం పడి, వాటి ప్రతిధ్వనులు వాటి మీద పడి, అంతా బురదైపోయింది. సరళకు ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. ఒకసారి ముందే ఎత్తుకుని ఆగింది, రెండోసారి తప్పు శ్రుతిలో ఎత్తుకుంది. ముందు వరుసల్లో నవ్వారు. ఆమె మైకు స్టాండులో పెట్టి, పక్కకు వెళ్లి మంచినీళ్లు తాగింది. వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు నాతో, "నీ మీద కోపం లేదన్నా. పాట యాడుందో నాకు దొరకలే" అంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు రాధక్క దగ్గరికి పోయి, "నువ్వు పెట్టిన వాల్వు వల్లనే ఇట్లయింది" అన్నాను. ఆమె వాదించలేదు. "ఇంకోపారి వాయించు" అంది. కళ్లు మూసుకుని విన్నది. తర్వాత అడిగింది.

"పచ్చడిల పల్లీలు ఎప్పుడేస్తరు మీ అవ్వ?"

"నూరినంక, పైనుంచి చల్లుతది."

"ముందుగాలనే రోట్లేసి నూరితె?"

"ముద్దయితది."

"బరోబర్. నువ్వు ఎకోను తీస్కపోయి రోట్లేస్తున్నవ్. ఈ ఆంప్లిఫయర్ల రెండు పనులుంటయి. ముందటి సగం నూరుతది. ఎనుకటి సగం నూరినదాన్ని పెద్దగ చేసి స్పీకర్‌కు ఇస్తది. ఎకో గీ రెండింటి నడుమ పడాలె. నూరుడయినంక."

"నడుమల ఎట్ల పెడ్తవ్? లోపలుంటది గద."

"తెంపుత" అంది మామూలుగా.

పెట్టె విప్పే ముందు ప్లగ్గు తీసి, ఆ తర్వాత కూడా చాలాసేపు నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. లోపలి పెద్ద కండెన్సర్లలో కరెంటు నిల్వ ఉంటుందని, ప్లగ్గు తీసినంత మాత్రాన నమ్మవద్దని చెప్పింది. షాకు కొడితే గుండె మీదుగా పోకుండా ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్క కుడిచేత్తో, రెసిస్టరు కట్టిన తీగతో వాటిని ఖాళీ చేసింది. మీటరుతో చూసుకుంది. ఆ తర్వాతే రెండు సగాల మధ్య తీగను తెంపి, పెట్టె వెనక రెండు సాకెట్లు బిగించింది. ఒకదాంట్లోంచి శబ్దం బయటికి పోతుంది, డబ్బాలో తిరిగి రెండోదాంట్లోంచి లోపలికి వస్తుంది. "మొదాలు తక్కువల పెట్టి చూడు. జర జర పెంచు. గిట్ల తెంపుడు నాకూ కొత్తనే" అంది.

ఇంటికి తెచ్చాను. తక్కువలో పెట్టి చూశాను. ప్రతి స్వరం విడిగా, దాని నీడ దాని వెనక. నాకు ఆనందం ఆగలేదు. గెయిన్ బటన్‌ను పది దాకా తిప్పేశాను. రెండు నిమిషాలు పులి గర్జించింది. టప్పుమని ఒక చప్పుడు. డబ్బాలో టేపు తిరుగుతూనే ఉంది గానీ శబ్దం రాలేదు.

రెంటినీ రాధక్క బల్ల మీద పెట్టాను. "వాయిస్తుంటె పోయింది" అన్నాను. బటన్ సంగతి చెప్పలేదు. అన్న ముఖం కళ్ల ముందు తిరుగుతోంది. నేనే కాల్చానని అంటే ఆ మాట నిజమైపోతుందేమో అన్నట్టు ఊరుకున్నాను. ఆమె డబ్బా విప్పి, లోపలి మొదటి ట్రాన్సిస్టర్‌ను పరీక్షించి, సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టింది. ఆ సమయానికి శంకరన్న మైకు తీసుకుపోవడానికి వచ్చి గడపలో ఉన్నాడు. ఇంకో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. డబ్బా నాసిరకమని ఆమె చెప్పవచ్చు. దుబాయి నుంచి వస్తూ దారిలో దెబ్బ తిన్నదని చెప్పవచ్చు. కాదనగలిగే మనిషి ఊళ్లో లేడు.

"తప్పు నాదే, రవీ" అంది, అందరూ వినేటట్టే. "వాల్వు కాడికెళ్లి వచ్చే జోరు గీ చిన్న డబ్బాకు ఆగదు. నేను అడ్డం ఏం పెట్టలే. నేనే బాగు చేస్త."

ఒక మగ మెకానిక్ ఆ మాట అంటే నిజాయితీపరుడని మెచ్చుకునేవాళ్లు. శంకరన్న బయటికి వచ్చి, "ఆడమనిషి చేతుల పెడ్తె గట్లనే అయితది. నేను ముందుగాలనే అనుకున్న" అన్నాడు. ఆ వారమే మా మైకులన్నీ ఇంకో దుకాణానికి పోయాయి. మాతో పాటు ఇంకో బ్యాండువాళ్లవి, ఒక టెంట్ హౌస్ వాళ్లవి కూడా పోయాయి. నేను ఎప్పుడు వెళ్లినా దుకాణంలో ఆమె, ఆమె ముందు నా డబ్బా. ఆ రకం ట్రాన్సిస్టర్ కరీంనగర్‌లో లేదు. బస్సెక్కి హైదరాబాద్ పోయి వెతికింది, అక్కడా దొరకలేదు. దగ్గరి రకం ఒకటి తెచ్చి, అది సరిపోయేలా చుట్టూ ఉన్న రెసిస్టర్లు మార్చి మార్చి చూసింది. మూడు వారాలు. నేను రోజూ పోయి ఎదురుగా కూర్చునేవాణ్ని. రోజూ చెప్పాలనుకుని, చెప్పకుండా లేచి వచ్చేవాణ్ని. ఒక రోజు టెంట్ హౌస్ మనిషి ఆమె ముందునుంచే చెడిన స్పీకరు మోసుకుంటూ ఎదురు దుకాణానికి పోయాడు. ఆమె ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడింది. ఇక నా వల్ల కాలేదు.

"అక్కా, నేను బటన్ పది మీదికి తిప్పిన. నువ్వు జర జర పెంచుమంటె ఒక్కపారే తిప్పిన."

"తెలుసు" అంది.

"ఎట్ల తెలుసు?"

"నువ్వు తెచ్చిననాడు బటన్ పది మీదనే ఉండె."

"మరి అందరి ముందట నీ తప్పేనని ఎందుకన్నవ్?"

ఆమె ఐరన్ కొనను తడిగుడ్డ మీద తుడిచింది. "బటన్ ఉన్నదే తిప్పెటందుకు. వాయించెటోడు తిప్పుతడని నాకు తెల్వాలె గద. తిప్పితె కాలెటట్టు చేసుడు నా తప్పే. నువ్వు తిప్పి చెప్పకపోవుడు నీ తప్పు. దేనిది దానికే. నీది నేను మోస్తలే, నాది నీ మీద ఏస్తలే."

"శంకరన్నకు చెప్పమంటవా?"

"నీ ఇష్టం. నా కోసం చెప్పకు. చెప్తె నీకు నిద్ర పడ్తది అనుకుంటె చెప్పు."

మరునాడు రిహార్సల్‌లో అందరి ముందు చెప్పాను. శంకరన్న నన్ను తిట్టాడు, రెండు ప్రోగ్రాములు పక్కన కూర్చోబెట్టాడు. సరళ మాత్రం, "ఇన్నొద్దులు ఎట్ల ఆపుకున్నవే అన్నా" అంది మెల్లగా. నాలుగు రోజులకు శంకరన్న తానే ఒక మైకు పట్టుకుని రాధక్క దుకాణానికి వెళ్లాడని తెలిసింది. క్షమాపణ ఏమీ అడగలేదట. "బిడ్డా, జర ఇది చూడు" అన్నాడట. ఆమె చూసిందట. మిగతావాళ్లలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు ఎన్నడూ రాలేదు.

డబ్బా బాగైంది. ఈసారి బయటికి పోయే దారిలో జోరు తగ్గించడానికి రెండు రెసిస్టర్లు, తిరిగి వచ్చే దారిలో తగ్గిన శబ్దాన్ని మళ్లీ ఎత్తడానికి ఒక చిన్న వాల్వు పెట్టింది. బటన్‌ను తానే పది మీద పెట్టి, "ఇగ వాయించు, నీ ఇష్టమున్నంత సేపు" అంది. ఎంత వాయించినా ఏమీ కాలేదు.

మంథనిలో కాలేజీ వాళ్ల ప్రోగ్రాం పడింది. పెద్దపల్లి మీదుగా బస్సులో రాధక్క కూడా వచ్చింది. అన్నేళ్లుగా మా సామాన్లు బాగు చేసిన మనిషి, అవి స్టేజీ మీద పలుకుతుంటే వినడం అదే మొదటిసారి. స్పీకర్ల వెనక ఇనుప కుర్చీలో, ఒళ్లో పనిముట్ల సంచి పెట్టుకుని కూర్చుంది. నేను వాయించాను. ఒక్కో స్వరం గర్జించి, దాని ప్రతిధ్వని గోదారి అవతలి ఒడ్డు నుంచి వచ్చినట్టు తేటగా వచ్చి తగ్గిపోయింది. ఆ తగ్గిన చోట సరళ సరిగ్గా ఎత్తుకుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. రాధక్క కళ్లు మూసుకుని వింటోంది. ప్రోగ్రాం అయ్యాక ఏమంటుందోనని ఎదురు చూశాను. "జర గుయ్‌మంటుంది, ఎర్తింగు చూస్కో" అంది. అంతే. కానీ బస్సు ఎక్కేముందు ఆమె సరళ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తొంభైల్లో కీబోర్డులు వచ్చాయి, ఒక్క మనిషే ఆర్కెస్ట్రా అంతా వాయించసాగాడు. మా జట్టు చెదిరింది. విఠల్ మస్కట్ నుంచి నడుము నొప్పితో తిరిగి వచ్చాడు. వాళ్లు దుకాణం ఇచ్చేసి బోథ్ వెళ్లిపోయారు. రాధక్క దగ్గర సోల్డరింగ్ నేర్చుకుని, ఆ ఆసక్తితోనే డిప్లొమా చదివిన నాకు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. ఒకసారి ఆదిలాబాద్ పని మీద వెళ్లి, వాళ్ల ఊరు వెతుక్కుంటూ పోయాను. వాకిట్లో పత్తి రైతుల బోరు మోటార్ల స్టార్టర్లు వరసగా పెట్టి ఉన్నాయి. రాధక్కకు జుట్టు నెరిసింది గానీ చేతులు అవే. సార్‌నయ్యానంటే నవ్వింది.

"పోరగాండ్లు సామాను కాలపెడ్తె ఏం చేస్తవ్?"

"తిడుత."

"తిట్టు. కాని తిట్టేముందుగాల నువ్వు కట్టిన తీగలు ఒకపారి చూస్కో."

ఆమెను మళ్లీ చూడలేదు. కొన్నేళ్లకు పోయిందని, వాళ్ల ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడి ద్వారా తెలిసింది. ఆ రోజు క్లాసు చెప్పలేకపోయాను.

ఆమె నేర్పిన సోల్డరింగ్ ఇప్పుడు పెద్దగా ఎవరికీ అక్కర్లేదు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకోవడం మాత్రం నా ఒంటికి పట్టింది, ఇంట్లో స్విచ్చు బోర్డు విప్పినా అలాగే నిలబడతాను. రెండోది, తిట్టేముందు నేను కట్టిన తీగలు చూసుకోవడం, అంత తేలిగ్గా పట్టలేదు. ఒకసారి ల్యాబులో పవర్ సప్లై కాలిపోతే ఒక బ్యాచి పిల్లల్ని నిలబెట్టి గంటసేపు తిట్టాను. వాళ్లు తలలు వంచుకుని విన్నారు. అందరూ వెళ్లిపోయాక బల్ల కింద చూస్తే, పొద్దున నేను బిగించిన తీగే తప్పు చోట ఉంది. అది సరిచేసి తాళం వేసుకుని ఇంటికి పోవచ్చు. తీగ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి దాన్ని ఉన్నచోటే వదిలేశాను.

మర్నాడు అదే బ్యాచిని పిలిచి, "నిన్న కాలింది మీ వల్ల కాదు. తప్పు నాది" అన్నాను. అప్పుడు వెనక వరసలోని ఒక అమ్మాయి లేచి, "సార్, ఎక్కడ తప్పయిందో చూపిస్తరా?" అని అడిగింది. నేను బల్ల కిందికి వంగి ఆ తీగ చూపించాను. పిల్లలందరూ చుట్టూ దగ్గరికి జరిగారు.