సీతయ్య ఇచ్చిన మన్ను

మా చిన్న పల్లెను గుంపంటాం. ఈ గుంపులో ఎవరింటికి పోయినా మంచినీళ్ళిస్తారు. సీతయ్య ఇంటికి పోతే ముందు మంచం దులిపి వాలుస్తాడు, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత ఇంట్లో ఏది మంచిదైతే అది. ఒకసారి విత్తనానికి దాచిన పల్లికాయలు కూడా వేయించి నాకు పెట్టేశాడు. ఈ గుణంతో అతని భార్య భీమక్క నలభై ఏళ్ళుగా కాపురం చేస్తోంది.

పెనుబల్లి రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే మా గుంపు, గుంపు చివర వాళ్ళ మూడెకరాలు. కింద ఎకరం వరి. పైన రెండెకరాలు ఎర్ర చలక, పదిహేనేళ్ళుగా పత్తి తప్ప మరొకటి చూడని మెట్ట నేల. రైతు ఆలోచించి నేలను ఎలా కాపాడుకోవాలో నిర్ణయించుకుంటాడని పుస్తకాల్లో చదివాను. రాసినవాళ్ళెవరూ సీతయ్య పక్కన గట్టు మీద కూర్చున్నట్టు లేరు.

మూడేళ్ళ కింద ఒక వ్యవసాయాధికారి వచ్చి, చలకలోని మట్టి ఇస్తే పరీక్ష చేయించి పంపుతానన్నాడు. సీతయ్య సంచిలో కట్టి ఇచ్చాడు. కొన్నాళ్ళకు కార్డు వచ్చింది. చదివి చెప్పింది నేనే: సేంద్రియ కర్బనం ఎక్కువ, నేల బాగుంది.

ఆ రోజు నుంచి సీతయ్య చలకకు పశువుల పెంట ఎరువుగా తోలడం మానేశాడు. ప్రతి ఎండాకాలం భీమక్క గంపలతో మోసిపోసే పెంటంతా వరిమడికే పోయింది. కానీ చలకలో పత్తి మోకాలెత్తు కూడా పెరగక ముందే ఎర్రబడసాగింది. నేల పైన పెచ్చు కట్టింది. వాన పడితే నీళ్ళు ఇంకకుండా వాగులోకి జారిపోయేవి.

ఈ జూన్‌లో విత్తనాల పండుగకు ముందు రోజు భీమక్క నన్ను పిలిచింది. మా దగ్గర ఆ పండుగనాడు ప్రతి ఇల్లూ ఆ యేడు చల్లబోయే విత్తనం దోసెడు తెచ్చి పూజారి ముందు పోయాలి; ఆయన అన్నీ కలిపి ఇంటింటికీ పంచుతాడు. ఏ రకం పోస్తే ఆ రకమే చేలో చల్లాలి. మాట తప్పకూడదు. సీతయ్య పత్తి ప్యాకెట్లు తెచ్చిపెట్టుకున్నాడు. భీమక్క పెనుబల్లి నుంచి పచ్చిరొట్ట ఎరువుకు వేసే జీలుగ విత్తనాల సంచి మోసుకొచ్చింది.

"నలభై అయిదు దినాలు పెంచి, పూతకొచ్చినప్పుడు దున్ని మట్టిల గలుపుదాం. ఆనక ఉలవలు జల్లుకుందాం. ఒక్క యేడు పత్తి బంద్ బెట్టకుంటే ఈ చలక మల్ల లేవది," అంది.

"పచ్చని పైరును దున్నుతరానే? చేతులెట్లొస్తయ్? కార్డుల మంచిగుందని రాసిండ్రు గదా. ఏం పంతులూ, చెప్పవేంది?"

నేను నాలుగు పుస్తకాలు చదివానని సీతయ్య నన్ను పంతులంటాడు. మళ్ళీ కార్డు చదివాను.

"కర్బనం అంటే ఏంది బిడ్డా?" అని భీమక్క అడిగింది.

"ఆకూ పెంటా కుళ్ళి నేలకిచ్చే బలం, పెద్దమ్మా."

"మరి గా బలం చేన్ల లేదేంది? కార్డుల్నే దాసిండ్రా?"

ముగ్గురం చలకకు పోయాం. ముందు రోజే గట్టి వాన కురిసింది. భీమక్క గడ్డపార మొగుడి చేతికిచ్చింది. అతను తవ్వాడు. రెండు వేళ్ళ లోతు దాటాక పొడి దుమ్ము. ఒక్క వానపాము కూడా కదలలేదు. మూడు చోట్ల తవ్వాడు. నాలుగోసారి ఎత్తిన గడ్డపార దింపేసి అక్కడే కూలబడ్డాడు.

"కార్డు తప్పు గాదు," అన్నాడు. "నేనిచ్చిన మన్ను చలకది గాదు. ఇప్పచెట్టు మొదట్లది."

ఆ చెట్టు కింద ఏళ్ళుగా ఆకులు రాలి, పశువులు పడుకొని మట్టి నల్లగా ఉంటుంది.

"సారు అంత దూరం నడిచొచ్చి మన్నడిగిండు. ఉన్నదాంట్ల మంచిదే ఇయ్యాలె గదా? చచ్చిన మన్ను చేతుల బోత్తమా? కార్డొచ్చినంక చేనంత గట్లనే ఉంటదని నమ్మిన; ఆనక చెప్దామంటే సిగ్గాయె."

నాకు తిట్టాలనిపించింది. మూడేళ్ళు! భీమక్క మాత్రం అతని పక్కన కూర్చుని, మోకాలికంటిన దుమ్ము కొంగుతో దులిపింది.

"అక్కను జూపెట్టి చెల్లెను గట్టబెట్టినట్టు జేసినవ్ గదయ్యా," అంది.

సీతయ్య నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ చెల్లెకు మూడేండ్ల సంది తిండి బెట్టలే నేను," అన్నాడు, అరచెయ్యి నేల మీద ఆనించి.

మర్నాడు ఇళ్ళవాళ్ళంతా జొన్నలూ కందులూ నువ్వులూ పట్టుకొని వరసలో నిలబడ్డారు. సీతయ్య వంతు వచ్చింది. దోసిలి విప్పాడు.

"ఇదేంది సీతయ్యా, జీలుగా?" అన్నాడు పూజారి జంపయ్య. వెనక ఎవరో, "మామ ఈ యేడు గడ్డి దింటడంట!" అని అరిస్తే అందరూ నవ్వారు.

"మాకు గాదు. మన్నుకు," అన్నాడు సీతయ్య. చెవుల దాకా ఎర్రబడ్డాడు కానీ చేతులు వెనక్కి తీయలేదు.

జంపయ్య ఆ గింజలను తన దోసిట్లోకి తీసుకున్నాడు. తర్వాత జీలుగను మిగతా విత్తనాలలో పోసి చేత్తో కలిపాడు. పంచినప్పుడు ప్రతి ఇంటి వాటాలోకీ నాలుగు జీలుగ గింజలు వెళ్ళాయి.