రాగిపిండి బీటలు వారేదాకా

కాదంటే కాదు, అది కొత్త వంట కానే కాదు, ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా మా మనవరాలు వినదు. మొన్న ఆదివారం నుంచీ ఇంట్లో ఇదే రగడ. ఫోన్లో ఎవరో అమ్మాయి గాజు పళ్ళెంలో అరటికాయ ముక్కలు పొరలు పొరలుగా పేర్చి, మధ్యమధ్య ఛీజు తురిమి, కరెంటు పొయ్యిలోకి తోసి, ఇది సముద్రాల అవతలి వంట, మన వైపు ఎవరూ ఎరగరు అని నవ్వుతూ చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ వయసులో నీకు ఫోను పిచ్చేమిటని ఇంట్లోవాళ్ళు దెప్పుతూనే ఉంటారు, నిజమే, అది చేతిలో లేకపోతే నాకు తోచదు. అందుకే ఆ వీడియో కిందనే నాలుగు మాటలు గట్టిగా రాసి పారేశాను. రుజువేదీ బామ్మా అని ఎవరో అడిగారు. రుజువంటే నేనే. చంద్రగిరిలో మా అత్త పెరట్లో, యుద్ధం నాటి వేసవిలో, ఈ రెండు చేతులతో చేశాను. మేం దాన్ని దొంతర అనేవాళ్ళం.

మద్రాసు మీద బాంబులు పడతాయని ఊరు ఊరంతా ఖాళీ అయిన ఆ రోజులు నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. నాకప్పుడు పదకొండేళ్ళు. పుట్టి పెరిగింది మద్రాసులోనే కనుక, ట్రాము గంటా సాయంత్రం సముద్రపు గాలీ లేని చోటు కూడా లోకంలో ఉంటుందని నాకు తెలియదు. నాయన ఉద్యోగం వదలలేక అక్కడే ఉండిపోయి, అమ్మనూ నన్నూ రేణిగుంటలో బండి మార్పించి చంద్రగిరిలో తన అక్క ఇంట్లో దింపాడు. దింపి వెళ్ళేటప్పుడు, యుద్ధం అయ్యేదాకా ఇక్కడే ఉండాలి, బడి కూడా ఇక్కడే అన్నాడు. నేను ఆయన ఎక్కిన జట్కా వెనకాల స్టేషను దాకా పరిగెత్తి, ప్లాట్‌ఫారం మీద పడి దొర్లి ఏడ్చాను. నన్ను మోసుకొచ్చిన అత్త చెయ్యి కొరికాను కూడా. అంత కోపం నాది.

ఆ ఇంటి పెద్ద అత్త కాదు, అత్తకు అత్తగారైన అవ్వ. సన్నగా, చింతబరికెలా ఉండేది. మా నాయన ఎవరి మాటా వినేవాడు కాదు కానీ, ఆవిడ ముందు గొంతు పెంచి మాట్లాడగా నేను చూడలేదు. ఆవిడ చేసే ముద్ద సంగటి నాకు గొంతు దిగేది కాదు, అన్నం కావాలని అలిగేదాన్ని. బియ్యానికి కరువైన రోజులు. పైగా మేం వచ్చిన వారానికే పెద్ద గాలివాన వచ్చి పెరట్లో అరటిచెట్లన్నీ గెలలతో సహా పడిపోయాయి. ఇక చూడండి, అరటికాయ వేపుడు, అరటికాయ పులుసు, అరటికాయ పొడికూర, పొద్దునా అదే, రాత్రీ అదే. ఒక మధ్యాహ్నం నేను విస్తరి తోసేసి, నన్ను మద్రాసు పంపించేయండి, నాయనకు నేనే వండిపెడతాను అని అరిచాను.

అవ్వ విస్తరి మళ్ళీ నా ముందుకు జరిపి, ఎగాదిగా చూసింది. "ఏమ్మే, ఒక్క గడియ కుదురుగా కూసోలేవు, నువ్వా మద్రాసులో మీ నాయనకు వండిపెట్టేది? దొంతర సెయ్యి సూద్దాం. నువ్వు దొంతర నిలబెడితే, నిన్ను తీసకపొమ్మని మీ నాయనకు నేనే సెప్తా."

"ఒట్టు?" అన్నాను.

"నాకు ఒట్లు అక్కర్లే. నా మాట ఒకటే."

నాయన నెల తర్వాత ఒక్క ఆదివారం చూడడానికి వస్తానన్నాడు. ఆ ఆదివారానికి దొంతర నిలబెట్టాలి, అంతే, ఇంకో ఆలోచన లేదు నాకు.

దొంతర అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. చేతులకు నూనె రాసుకుని, లేకపోతే ఆ బంక వారమైనా వదలదు, పచ్చి అరటికాయలు చెక్కి, నిలువునా పలచగా బద్దలు కోసి, నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వెయ్యాలి. నానిన అలసందలు పొట్టు తీసి, అల్లం, ఎండుమిరపకాయలు వేసి గట్టిగా రుబ్బాలి. వేయించిన చెనక్కాయలు, అవే వేరుశెనగలు, వెల్లుల్లి, కొబ్బరి కలిపి బరకగా పొడి దంచాలి. వెడల్పాటి మట్టి సట్టి అడుగున నూనె రాసిన అరిటాకు పరిచి, ఒక వరస బద్దలు, ఒక వరస రుబ్బిన పిండి, పైన పొడి, మళ్ళీ బద్దలు, ఇలా ఏడు వరసలు. పైన ఇంకో ఆకు కప్పి, మూత పెట్టి, మూత అంచు చుట్టూ రాగిపిండి ముద్ద మెత్తాలి. కింద నిప్పులు, మూత మీద నిప్పులు. గడియారం లేదు, లెక్క లేదు. ఆ రాగిపిండి ఎండి తనంతట తను బీటలు వారేదాకా ఎవరూ మూత జోలికి పోకూడదు.

మొదటిసారి నేను మూత జోలికి పోయాను. మద్రాసులో మా ఇంటి గోడగడియారం అరగంటకోసారి కొట్టేది, ఆ అలవాటు చొప్పున అరగంట అయుంటుందని నేనే అనుకుని, పిండి ఒక పక్క గిల్లి, మూత ఎత్తి చూశాను. ఒక్కసారే చూశాను. ఆవిరంతా పోయింది, ఏడు వరసలూ ఒకటైపోయి ముద్దయింది. ఆ రోజుల్లో తిండి పారెయ్యడమన్నది లేదు, అందరూ అదే తిన్నారు. అవ్వ మాత్రం తృప్తిగా చేతివేళ్ళు నాకి, "పండ్లు లేనోళ్ళకు ఇదే బాగుండాది, రోజూ ఇట్లే సెయ్యి పాపా" అంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

రెండోసారి మూత ముట్టలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పిండి బీటలు వారింది, సట్టిని పళ్ళెం మీద బోర్లించాం, వాసన ఇల్లంతా కమ్మింది, అంతలోనే దొంతర మొత్తం పక్కకు జారి పేకముక్కల్లా పరుచుకుంది. గరిటె గోడకేసి కొట్టి పెరట్లోకి పోయి, పడిపోయిన అరటిచెట్టు మొద్దు మీద కూర్చున్నాను. కాసేపటికి అత్త వచ్చి పక్కన కూర్చుంది. నేను కొరికిన గాటు ఆవిడ మణికట్టు మీద ఇంకా కనిపిస్తూనే ఉంది. "అన్ని వరసలూ ఒకే పక్కకు పేర్చినావు, ఎట్ల నిలస్తాది పాపా? గుడ్డ నేసినట్ల పేర్చల్ల. ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం" అంది. అంత సులువు సంగతి ముందే ఎందుకు చెప్పలేదని నేను మీద పడబోతే, అడిగితివా అని లేచి వెళ్ళిపోయింది. నిజమే, అడగలేదు. మద్రాసు దాన్నని నాకు తెలియనిది ఏదీ లేదనుకునేదాన్ని.

ఆదివారం బండి ఆలస్యం. నేను వరసలు నిలువూ అడ్డం నేసి, ముద్ద మెత్తి, నిప్పులు వేసి కూర్చున్నాక, నడిపొద్దు దాటాక వీధి తలుపు చప్పుడైంది. నాయన గొంతు. నెల రోజుల తర్వాత వింటున్న గొంతు. పాప ఏదీ అంటున్నాడు. రాగిపిండి ఇంకా ఎండలేదు. నాకు కాళ్ళు ఆగడం లేదు, కానీ లేస్తే మూత దగ్గర ఎవరుంటారు? అత్త ఉంటుంది, కానీ అప్పుడది నా దొంతర కాదు. కదల్లేదు. చివరికి నాయనే కాళ్ళు కడుక్కుని పెరట్లోకి వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుని, ఏం వండుతున్నావే అంటూ మూత వైపు చెయ్యి చాపాడు.

ఆ చేతి మీద ఫెడీమని కొట్టాను. "తియ్యొద్దు నాయనా!"

ఇంట్లో అందరూ బిగుసుకుపోయారు. మా నాయనను కొట్టిన మనిషి అంతవరకూ లేదు. గుమ్మంలో అవ్వ ఒక్కతే పకపకా నవ్వింది. "కూసో అప్పా, మూత ముట్టగూడదు, నీకైనా నాకైనా అదే ఆన."

నాయన చెయ్యి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇద్దరం ఆ రాగిపిండి వంక చూస్తూ ఎంతసేపు ఉన్నామో తెలియదు. అప్పుడు గమనించాను, చొక్కా మెడ దగ్గర వదులైపోయింది. మా వీధిలో దీపం వెలిగే ఇల్లు తనదొక్కటేనని, హోటళ్ళు మూశారని, ఒంటిపూట ఏదో ఉడకేసుకుంటున్నానని, ఆయన నాతో కాక ఆ సట్టితో చెబుతున్నట్టు చెప్పాడు. అప్పటిదాకా ట్రాము కోసం, సముద్రం కోసం వెళ్ళాలనుకున్నాను. ఆ పూట నుంచి ఈయన కోసం వెళ్ళాలనుకున్నాను.

పిండి చిటుక్కుమంది. సన్నటి బీట ఒకటి అంచు చుట్టూ పాకింది.

బోర్లించాం. నిలబడింది. అవ్వ నూలుదారంతో అడ్డంగా కోస్తే ఏడు వరసలూ విడివిడిగా కనిపించాయి. నాయన తలెత్తకుండా మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆయన చెయ్యి కడుక్కున్నాక అవ్వ నెమ్మదిగా అంది. "పిల్ల మాట నిలబెట్టుకునింది అప్పా. ఇంగ నా మాట నిలబెట్టు. తీసకపో."

"బాంబులు పడితేనో అత్తా?" అని నాయన అవ్వను అడిగాడు.

"పడితే పడతాయి. ఇట్ల సిక్కిపోతా ఉంటే నీకు బాంబులెందుకు?"

నాయన కండువా భుజాన వేసుకుని, రేపు బండి ఎన్నింటికని మా అత్తను అడిగాడు. లోపల ఏదో లాగుతున్న చప్పుడైతే వెళ్ళి చూశాను, అమ్మ ట్రంకుపెట్టె మంచం కింద నుంచి బయటికి తీస్తోంది, అది ఎప్పుడు సర్దిందో ఏమో. మర్నాడు ముగ్గురం బయలుదేరాం. అత్త ఆ సట్టి నా చేతికిచ్చింది. రేణిగుంట దాటేదాకా అది నా ఒళ్ళోనే ఉంది, అత్త మణికట్టు మీది గాటుకు క్షమించమని అడగడం మాత్రం మరిచిపోయాను, తర్వాత అడగడానికి ఆవిడ ఎక్కువ కాలం లేదు.

నిన్న మా మనవరాలు పంతం పట్టి అదే వంట చేసింది. కరెంటు పొయ్యి తలుపు నాలుగుసార్లు తెరిచింది, నాలుగుసార్లూ ఫోటో కోసమే. వంట తప్పు పట్టను, ఛీజు కూడా నాకు రుచిగానే ఉంది. నిప్పులు పోయాయి, సట్టి ఎప్పుడో పగిలింది, వాటి మీద నాకు బెంగ లేదు. కానీ వేడి పళ్ళెం బల్ల మీదికి వచ్చినప్పుడు నా చెయ్యి కూడా ముందు ఫోను మీదికే పోయింది చూశారూ, అప్పుడు మాత్రం అవ్వ నవ్వు చెవిలో వినపడింది. అందుకే ఈ ఆదివారం ఆ కరెంటు పొయ్యి పళ్ళెం మూతకే మెత్తడానికి రాగిపిండి ముద్ద కలిపి, మా ఇద్దరి ఫోన్లూ బియ్యం డబ్బాలో పెట్టి, ఆ పిల్లనూ పక్కన కూర్చోబెట్టి నేనే చేస్తాను. ఎదుటివాళ్ళ ఆకలికి మనం కాపలా కూర్చున్న ఆ గంట లేకుండా, పొరలు ఎన్ని పేర్చితే మాత్రం అది దొంతర అవుతుందా? అవుతుందనేవాళ్ళు ఎవరో ముందుకు రండి, చూద్దాం.