ఇంటర్వెల్ లేని సినిమా

మా కళావతి ఆంటీకి నోరు మూసుకుని కూర్చోవడం చేతకాదు. అలాంటావిడకి దొరికిన మొగుడేమో విద్యాసాగర్ అంకుల్. ఆయన ఉప్పు కావాలన్నా చెయ్యి చాపుతారు తప్ప నోరు విప్పరు. రేపల్లె నుంచి ఇంగ్లండులో ఈ వాట్‌ఫర్డ్ వచ్చి ఇన్నేళ్ళయినా, స్కూల్ కిచెన్‌లో పిల్లలకి వడ్డించేటప్పుడు తప్ప ఆవిడకి కబుర్లకి మనిషి లేదు. మిగిలిన మాటలన్నీ కింది ఫ్లాట్‌లో ఉన్న పాపానికి నేనే వినాలి.

అందుకే లైబ్రరీ హాల్లో పాత సినిమాల క్లబ్ ఉందని తెలియగానే చేరిపోయింది. తీరా చూస్తే అందరూ డెబ్బై దాటిన తెల్లవాళ్ళు. వస్తారు, కోటు కూడా విప్పకుండా చూస్తారు, అయ్యాక "లవ్లీ" అనేసి వెళ్ళిపోతారు. ఏడాదిగా ఒక్కరూ పలకరించలేదట.

"చూసిన సినిమా గురించి మాట్లాడుకోకపోతే ఇంకెందుకే చూడటం?" అని నా ప్రాణం తీసేది.

ఆ క్లబ్‌కి పెద్ద మిస్ హారియట్, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కిందటి వారం ఆవిడ ఆంటీని ఆపి, "ఈసారి టీ మీరు చూస్తారా?" అని అడిగింది. ఇక ఆంటీ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్నాళ్ళకి తననొక మనిషిగా గుర్తించారు, ఈ టీ బాగా కుదిరితే నలుగురూ తనతో మాట్లాడతారు అని ఆశ. సినిమా రోజు తెల్లారకముందే లేచి హాట్‌బాక్స్ నిండా మిరపకాయ బజ్జీలు వేసింది. అది మోసుకురావడానికి నాచేత ఆఫీసుకి సెలవు పెట్టించింది.

అక్కడ టీ ఇచ్చేది సినిమా అయ్యాక. ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, ఈవిడ అడగలేదు. టీ అంటే ఇంటర్వెల్లోనే అని మనకి వేరే చెప్పాలా?

సినిమా విక్టోరియా రాణి కాలం నాటి లావుపాటి నవలని బ్లాక్ అండ్ వైట్‌లో తీసింది. హీరోయిన్ ఇష్టం లేని పెళ్ళికి చర్చిలో నిలబడింది. సముద్రంలో పోయాడనుకున్న అన్న కోసం ఏడుస్తోంది. ఇంతలో చర్చి తలుపు ఎవరో దబదబా బాదారు.

టక్కున హాల్లో లైట్లు వెలిగాయి. "ఇంటర్వెల్!" అని ఆంటీ కేక. లాప్‌టాప్ దగ్గరున్న పెద్దాయన హడలిపోయి సినిమా ఆపేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మిస్ హారియట్ మొహం కందగడ్డ చేసుకుని లేచింది. "ఈ సినిమాకి ఇంటర్వెల్ లేదు."

"లేకపోవడమేంటండీ! ఇక్కడ ఆపకపోతే ఎవరొచ్చారో ఆలోచించుకునేదెప్పుడు? బజ్జీలు కూడా చల్లారిపోతాయి" అంది ఆంటీ. అంటూనే హాట్‌బాక్స్ మూత తీసేసింది.

ఎవరూ కదల్లేదు. చివరికి వెనక వరసలో ఒకాయన బజ్జీ తీసుకుని కొరికి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "వచ్చింది అన్నే" అన్నాడు. పక్కావిడ, "ఛ, కాదు, పాత పనిమనిషి" అంది. ఇంకొకావిడ పుస్తకంలో అసలు ఎవరూ రారని అడ్డు తగిలింది. అంతే, హాలు రేపల్లె సంతైపోయింది. మిస్ హారియట్ ఒక్కత్తే మాట్లాడకుండా కిటికీ దగ్గర నిలబడింది.

వచ్చింది అన్నే. సినిమా అయ్యాక, మేం వెనక గదిలో కప్పులు కడుగుతుంటే మిస్ హారియట్ లోపలికొచ్చింది.

"నన్ను తీసేస్తున్నారా?" అంది ఆంటీ.

"మా అక్కా నేనూ ఈ సినిమా ఎప్పుడు వేసుకున్నా సరిగ్గా అక్కడే ఆపి పోట్లాడుకునేవాళ్ళం. కథ తెలిసినా సరే. అక్క పోయాక ఆపేవాళ్ళు లేరు. ఆదివారం మా ఇంటికి వస్తారా? మీ సినిమా ఒకటి తీసుకురండి."

ఆంటీ తల ఊపింది, అంతే. బస్సులో కూడా పలకలేదు. హాట్‌బాక్స్ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకు భయమేసి, "ఏమైంది ఆంటీ?" అన్నాను.

"ఈ ఊళ్ళో నన్నొకళ్ళు ఇంటికి రమ్మనడం ఇదే మొదటిసారే, నీలిమా" అని భోరుమంది.