తమ్ముడిచ్చిన రక్తం

మొన్న ఆసుపత్రిలో మందుల కిటికీ దగ్గర నా ముందు నిలబడ్డ ఒక కుర్రవాడికి నర్సమ్మ మాత్రల సీసా అందిస్తూ, రోజుకొకటి చొప్పున వేసుకో భయ్యా, మూడు నెలల్లో హెపటైటిస్ సి పోతుంది అని జలుబు సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. అతనూ సరేనని తలూపి, సీసా జేబులో వేసుకుని, ఫోనులో ఎవరితోనో నవ్వుతూ వెళ్ళిపోయాడు. నా వంతు వచ్చిందని వెనకవాళ్ళు హెచ్చరించేదాకా నేను అతను వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయాను. ఆ జబ్బు పేరు నలుగురిలో పలకడానికి నాకు ఎంత కాలం పట్టిందో ఆ కుర్రవాడికి తెలియవలసిన అవసరమూ లేదు.

మా వారికి పోర్ట్ బ్లెయిర్ హార్బరు ఆఫీసులో ఉద్యోగం. పెళ్ళయ్యాక శ్రీకాకుళం వైపు నుంచి ఆయన వెంట ఓడలో వచ్చి, ఆ ఊరి పేట డిగ్నాబాద్‌లో రేకుల కప్పు వేసిన ఒక చెక్క ఇంట్లో కాపురం పెట్టి, తెలుగు పిల్లల బడిలో పంతులమ్మగా చేరాను. ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ ఎంత చిన్న ఊరంటే, ఓడ వచ్చిందంటే ఉత్తరాల కోసం, మనవాళ్ళెవరైనా దిగుతారేమోనన్న ఆశ కోసం సగం ఊరు జెట్టీ మీదే ఉండేది. మా అబ్బాయి పుట్టినప్పుడు నాకు రక్తస్రావం ఆగలేదు. నిలవ ఉంచిన రక్తం ఆసుపత్రిలో లేదు. మా వారు చెప్పులైనా లేకుండా జెట్టీకి పరుగెత్తి, వల బాగు చేసుకుంటున్న మనవైపు జాలరులను బతిమాలితే నలుగురైదుగురు తడి బట్టలతోనే వచ్చారట. వారిలో ఒకరిది సరిపోయింది. బక్కపలచని మనిషి, అదే ఊళ్ళో ఆస్టినాబాద్‌లో ఇల్లు, కొత్తగా పెళ్ళయినవాడు. ఎంత కావాలంటే అంత తీసుకోమని చెయ్యి చాచి పడుకున్నాడని, లేచాక ఒక టీ తాగి మళ్ళీ వల దగ్గరికే వెళ్ళిపోయాడని తరవాత విన్నాను.

అప్పటినుంచి అతను నాకు తమ్ముడు. నన్ను దీదీ అనేవాడు. రాఖీ కట్టే అలవాటు మనకు ఊళ్ళో లేకపోయినా ఇక్కడ హిందీవాళ్ళను చూసి నేర్చుకున్నాం కనుక ఏటా కట్టేదాన్ని. అతను ఒక సురమై చేపను కొబ్బరాకులో చుట్టి తెచ్చేవాడు. మా అబ్బాయిని భుజాన వేసుకుని సముద్రపు ఒడ్డంతా తిప్పేవాడు. పిల్లవాడు పెద్దవాడవుతున్న రోజుల్లోనే తమ్ముడికి కళ్ళు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది, నలభై దాటకుండానే పోయాడు. సారా తాగి కాలేయం కుళ్ళబెట్టుకున్నాడని లోకం తీర్మానించింది. అతను చుక్క ముట్టడని తెలిసిన అతని భార్య, నా మరదలు, మొదట్లో అందరితో పోట్లాడి, ఎవరూ నమ్మకపోయేసరికి పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళడం మానేసి, చేపల గంప నెత్తికెత్తుకుని నోరు మూసుకుని బతికింది.

ఆ తరవాత చాలా ఏళ్ళకు, పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ కోసం మద్రాసు వెళ్తే, ముందుగా చేసిన పరీక్షల్లో నా జబ్బు బయటపడింది. ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నారా అని డాక్టరు అడిగాడు. అబ్బాయి పుట్టినప్పుడు ఎక్కించారని చెప్పాను. మెల్లగా కాలేయాన్ని తినేసే జబ్బు ఇదనీ, కచ్చితంగా ఆ రక్తమే కారణమని చెప్పలేమనీ, ఆ కాలంలో దీన్ని కనిపెట్టే పరీక్షే లేదు కనుక ఎవరి తప్పూ కాదనీ ఆయన అన్నాడు. తిరుగు ప్రయాణంలో మూడు రోజులూ నేను ఓడ రెయిలింగు పట్టుకుని తమ్ముడి పచ్చటి కళ్ళనే తలచుకున్నాను.

వైద్యమంటే అప్పట్లో వారానికొక ఇంజెక్షను, దాదాపు ఏడాది. మా వారికి అప్పటికే దక్షిణాన దూరపు దీవిలోని కాంప్‌బెల్ బే బదిలీ అయింది, అబ్బాయి విశాఖపట్నంలో చదువు. సూది వేయించుకున్న రాత్రి చలిజ్వరం. దువ్వెన నిండా జుట్టు. కారణం లేని ఏడుపు. మందు గుణం అదేనని డాక్టరు ముందే చెప్పినా, వాన రేకుల మీద దంచుతూ ఉంటే ఒంటరిగా వణుకుతున్న మనిషికి ఆ మాట ఏం ఊరట? మా వారి ఫోను సగంలో తెగిపోయేది. బడిలో పెద్ద పంతులమ్మకు మాత్రమే సంగతి చెప్పాను. మర్నాటినుంచి నా టీ గ్లాసు కిటికీలో విడిగా కనిపించింది. అప్పటినుంచి అందులోనే తాగాను.

మరదలికి చెప్పాలా వద్దా అని చాలా మథనపడ్డాను. ఆమెకూ ఆ జబ్బు ఉండవచ్చు కదా అన్న భయమే చివరికి నన్ను ఆస్టినాబాద్ తీసుకెళ్ళింది. అంతా విని ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మా ఆయన రగతమిచ్చి నిన్ను బతికిత్తే, అందుల ఇసం ఉందంటన్నావా దీదీ? సచ్చినోడి మీద ఇంకా ఏటేత్తారు? జావ్, ఎల్లిపో."

నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను. ఆ తరవాతి నెలలంత ఒంటరి కాలం నా జీవితంలో మరొకటి లేదు.

వానాకాలంలో ఒకసారి తుఫాను గాలికి స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. ఇంజెక్షన్లు చల్లగా ఉంచకపోతే పాడైపోతాయి. ఓడలు ఆగిపోయాయి, మళ్ళీ తెప్పించే దారి లేదు. రెండో రోజు మధ్యాహ్నం తలుపు తడితే, మరదలు తడిసి ముద్దయి, చేపల పెట్టె నిండా ఐసు మోసుకుని నిలబడి ఉంది. నాకు సూదులు వేసే నర్సు ఆమె దగ్గరే చేపలు కొంటుందట, ఆ మాటా ఈ మాటా మీద నా మందు పాడైపోయే సంగతి చెప్పిందట. మందును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి, ఐసు మీద ఉంచాం. ఇల్లంతా నీచు వాసన. ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ అడిగింది.

"ఆ జబ్బు తాగనోల్లకి కూడా వత్తాదా దీదీ?"

"నేనెప్పుడు తాగానే?"

నా ముఖంలోకి అలాగే చూసి, నేల మీద కూలబడి, భర్త పోయిననాడు కూడా అలా ఏడ్చిందో లేదో, అంతగా ఏడ్చింది. కాస్త తేరుకున్నాక, "నీ పేరు సెప్పొచ్చా అందరికీ? నీకూ అదే ఉందని సెప్తేగానీ ఒవులూ నమ్మరు," అంది. ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పుకోమన్నాను.

ఆమె గోల్ ఘర్ బజారు దాకా గంప దించిన ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. కొందరు తల్లులు పిల్లలను నా దగ్గరికి ట్యూషను పంపడం మానేశారు. వీధిలో పలకరింపులు పలచబడ్డాయి. పరీక్షలో మరదలికి ఏమీ లేదని తేలింది. ఏళ్ళ తరవాత ఆమె ఒక పెళ్ళికి వెళ్ళిందని, అందరి మధ్యా పీట వేసుకుని కూర్చుందని విన్నాను. నా ఇంజెక్షన్లు మాత్రం పని చెయ్యలేదు. ఆపిన కొన్నాళ్ళకే జబ్బు తిరగబెట్టింది. దానితోనే ఉద్యోగ విరమణ చేశాను, దానితోనే మా వారిని కాటికి సాగనంపాను. చివరికి ఈ కొత్త మాత్రలు వచ్చి, మూడు నెలలు మింగాక, ఆపైన ఇంకో మూడు నెలలకు పరీక్ష చేసి, రక్తంలో వైరస్ లేదు మేడమ్ అన్నారు. ఆ మాట చెప్పుకోవడానికి అప్పటికి ఇంట్లో ఎవరూ లేరు. మరదలు కూతురి దగ్గరికి భీమిలి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే వినికిడి తగ్గి, దీదీ బాగున్నావా అనే ప్రశ్న ఒక్కటే మళ్ళీ మళ్ళీ అడిగింది. బాగున్నానని చెప్పాను.

ఇప్పుడు రక్తం అన్ని పరీక్షలూ దాటుకుని, సంచిలో నంబరు వేసుకుని వస్తుంది. అదే మంచిది, అలాగే ఉండాలి. అప్పుడే ఆ పద్ధతి ఉంటే నాకు ఇన్నేళ్ళ బాధ తప్పేది. అయితే ఆ రోజుల్లో ఎవరి రక్తంతో బతికామో తెలిసేది, వాళ్ళ ఇంటి గుమ్మం తెలిసేది, వాళ్ళ కోసం ఏడ్వడానికి, వాళ్ళ ఆడవాళ్ళ చేత తిట్లు తినడానికి కూడా మనకు హక్కుండేది. నా ఒంట్లో ఇక ఏమీ లేదని డాక్టరు చెప్పినప్పుడు నేను సంతోషించాను, నిజమే. కానీ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతూ ఉంటే, ఎన్నో ఏళ్ళుగా నాతో పాటు నడిచిన మనిషి ఎవరో అక్కడే ఆగిపోయినట్టనిపించి, ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.