శుక్రవారం రాజుగారు

నేను అమీర్‌పేటలో ఒక బడిలో సోషల్ మాస్టారిని. నేను చెప్పేవాటిలో సగం కోతలేనని మా ఆవిడ అంటుంది గానీ, ఇది మాత్రం అచ్చంగా జరిగింది.

పోయినేడు ఏడో తరగతి పిల్లలకు రాజుల కాలం వస్తువులు చూపిద్దామని మ్యూజియానికి తీసుకెళ్లాను. శుక్రవారం వాళ్లకు సెలవట. గేటుకు తాళం! "ఈసారి తేడా వస్తే ఇక ట్రిప్పులే ఉండవు" అని ప్రిన్సిపాల్ మేడమ్ ముందే హెచ్చరించారు. అయినా వెనక్కి తగ్గలేదు. బస్సును సినిమావాళ్లుండే కృష్ణానగర్‌కు తిప్పించాను. అక్కడ టిఫిన్ బండి దగ్గర, షూటింగ్‌కు తయారైన జూనియర్ ఆర్టిస్టు ఒకాయన కిరీటంతో నిలబడి ఇడ్లీ తింటున్నాడు.

"కూసోరా రాజుగారూ?" అంది మా క్లాసు లహరి.

"ఎట్ల కూసుంటనమ్మా? డ్రెస్సు ముడతలు పడితే కాస్ట్యూమోళ్లు తిడతరు. అడిగి కూసోవాలె."

అంతలో మేడమ్ వీడియో కాల్. "ఏంటి మాస్టారూ! వెనకాల ఆ కిరీటం ఏంటి?"

నేను చెప్పబోయేంతలో రాజు ఫోన్ లాక్కున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, పిల్లలు నా రాజ్యంల మస్తుగున్నరు!"

"ట్రిప్పులు బంద్! అక్కడేం నేర్చుకుంటారు?"

లహరి ముందుకొచ్చింది. "రాజు సుత కూసోవాలంటే పర్మిషన్ అడగాలంట మేడమ్, మా లెక్కనే!"

ఫోన్ కట్టయింది.

మర్నాడు మేడమ్ నన్ను పిలిచి, నిలబెట్టే సంజాయిషీ అడిగారు.

"చెప్తాను. ముందు కూర్చోవచ్చా మేడమ్?" అన్నాను.

ఆమెకు నవ్వు ఆగలేదు. ట్రిప్పులూ ఆగలేదు. ఈ ఏడు కూడా శుక్రవారమే బయల్దేరుతున్నాం.